ఒకే కొలతకు రెండు చొక్కాలు

దర్జీ ఆవిడ ఈసారి పదో తరగతి పిల్లలందరితో పాటు, పోయిన తన కూతురికి కూడా వీడ్కోలు చొక్కా కుట్టిందట. ఇస్త్రీ బండి ఆవిడ కళ్ళారా చూసిందట. ఆ మాట ఆవిడ, వ్యాన్ డ్రైవర్ పక్కింట్లో ఉండే పిన్ని చెవిన వేస్తే, పిన్ని పొయ్యి మీద కూర మంట తగ్గించి మరీ వచ్చి, గుమ్మంలో చతికిలబడి డ్రైవర్ భార్యకు చెప్పింది.

"ఎవరి కొలతలకు కుట్టిందో తెలుసా అక్కా? మీ పిల్ల కొలతలకట. గుండె కాదు తల్లీ అది, బండరాయి."

"కుట్టుకోనీ," అంది డ్రైవర్ భార్య, బియ్యంలో రాళ్ళు ఏరడం ఆపకుండానే. "బిడ్డని పోగొట్టుకున్న మనిషి. మనకెందుకు?"

"మనకెందుకేంటి? రేపు వీడ్కోలులో అందరి ముందూ ఆ చొక్కాకి ఎదురుగా కూర్చోవాల్సింది మీ పిల్లేగా. అయినా వ్యాన్ గుద్దుకున్న రోజు మా బావ చుక్క ముట్టలేదంటే నేను నమ్ముతాను. ఊరు నమ్మాలిగా."

లోపలి గదిలో కొత్త చొక్కా సరిపోయిందో లేదో తొడిగి చూసుకుంటూ గుండీలు బిగించుకుంటున్న హారన్‌కి ఈ మాటలన్నీ వినబడ్డాయి. హారన్ అంటే డ్రైవర్ కూతురే. చిన్నప్పటి నుంచీ నాన్న పక్కన ముందు సీట్లో కూర్చుని, మలుపు వస్తే చాలు, ఆయన చెయ్యి తోసేసి తనే హారన్ నొక్కేది. ఒకటో తరగతిలో పడ్డ ఆ పేరు తొమ్మిదో తరగతి దాకా నడిచింది. ఆ తర్వాత ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. అసలు పేరుతోనూ పిలవలేదు. పెన్సిల్ కావాల్సి వస్తే "ఇదిగో" అనేవాళ్ళు.

కొలతల సంగతి పిన్ని కన్నా ముందే ఆమెకు తెలుసు. మొన్న దుకాణానికి వెళ్తే దర్జీ ఆవిడ భుజాల మీద టేపు వేసింది, చేతి పొడవు చూసింది, నడుము చూసింది. అంతా అయ్యాక మళ్ళీ భుజాల దగ్గర మొదలుపెట్టింది.

"రెండోసారి ఎందుకు ఆంటీ?"

"మీ ఇద్దరూ ఒక ఎత్తు కదా," అంది ఆవిడ, పళ్ళ మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని.

పోయిన పిల్లని కిటికీ అనేవాళ్ళు. వ్యాన్‌లో ఎడమవైపు కిటికీ సీటు చచ్చినా వదలదని పెట్టిన పేరు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు. కాలవ గట్టు మీద, వంతెన మలుపులో వ్యాన్ గోడకు గుద్దుకుని ఆ పిల్ల కూర్చున్న వైపే ఒరిగింది. మిగతావాళ్ళు గీతలతో బయటపడ్డారు. డ్రైవర్ పోలీసుల ముందు, "కునుకు పట్టిందండీ," అని ఒక్క ముక్క చెప్పి చేతులు ముందుకు చాచాడు. కొన్నాళ్ళు లోపల ఉండి వచ్చాడు. ఇప్పుడు మెకానిక్ షెడ్డులో లారీలు కడుగుతాడు. స్టీరింగ్ ముట్టడు.

కునుకు పట్టలేదు. ఆ సంగతి వ్యాన్‌లో ఉన్న పిల్లలందరికీ తెలుసు. గట్టు రోడ్డు మీద రోజూ వేరే బడి నీలం వ్యాన్ ముందు పోతుండేది. అది కనబడగానే లోపల సంత మొదలు. "దాటెయ్ బాబాయ్, దాటెయ్" అని సీట్లు బాదేవాళ్ళు. డ్రైవర్ బాబాయ్ కాసేపు బెట్టు చేసి, మీసం చాటున నవ్వుకుని, దాటేసేవాడు. ముందు సీట్లోంచి కూతురు ఆపకుండా హారన్ నొక్కేది. కిటికీ చెయ్యి బయటపెట్టి ఓడిపోయినవాళ్ళకు టాటా చెప్పేది. ఆ రోజు దాటుతుంటే ఎదురుగా ఇసుక లారీ వచ్చింది, దాన్ని తప్పించబోతే వ్యాన్ గోడ మీదికి పోయింది. నీలం వ్యాన్ వాడు వెనక్కి చూడకుండా పోయాడు. ఆగితే పందెంలో తనూ ఉన్నట్టవుతుందని. పిల్లలు ఇంటికొచ్చి, అడిగినవాళ్ళకు, "ఏమో, తెలీదు" అన్నారు.

సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి, గోళ్ళలో గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ అడిగాడు నాన్న.

"రేపేనా?"

"రేపే. నాన్నా, నన్ను ఒక్కసారి చెప్పనీ. నువ్వు నిద్రపోలేదని. తాగలేదని."

"చెప్తే ఆ పిల్ల లేచొస్తుందా?" చెంబుతో నీళ్ళు గుమ్మరించుకున్నాడు. "వాళ్ళు అరిచారు. పిల్లలన్నాక అరుస్తారు. స్టీరింగ్ ఉంది నా చేతిలో, వాళ్ళ చేతిలో కాదు. ఈ వయసులో అంత బరువు నెత్తిన పెడితే బతికినంత కాలం మోస్తారు. నువ్వు నోరు విప్పనని మాటివ్వు."

ఇచ్చింది. తను చెప్పనని మాటిచ్చింది సరే, వాళ్ళంతట వాళ్ళు చెప్తే? రేపటితో తరగతి తలో దిక్కూ పోతుంది. ఇంతమందీ ఒక గదిలో ఉండటం అదే ఆఖరు. ఇన్నేళ్ళు ఒకే వ్యాన్‌లో ఒకరి మీద ఒకరు పడి ఊగినవాళ్ళు. ఒక్కడైనా లేచి, బాబాయ్‌కి కునుకు పట్టలేదు అనకపోతాడా? ఆ ఆశతోనే మర్నాడు కొత్త చొక్కా తొడుక్కుంది.

ఆ బడిలో వీడ్కోలుకు ఒక పద్ధతి ఉంది. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోకూడదు. ఒక బెంచీలో కూర్చున్నవాళ్ళు ఒకరి గురించి ఒకరు చెప్పాలి. గోడలకు అంటించిన రంగు కాగితాల జిగురు ఇంకా ఆరలేదు. ముందు వరసలో హెడ్మాస్టరు, సైన్సు టీచరమ్మ, ఆమె పక్కన దర్జీ ఆవిడ. ఆవిడ ఒళ్ళో మడత నలగని చొక్కా.

నిచ్చెన అనే పొడుగు కుర్రాడు లేచి, తన పక్కన కూర్చున్న, ఉపన్యాసం అని పేరు పడ్డ వాణ్ణి చూపించాడు. "వీడు ఏడో తరగతిలో నా అన్నం తినేసి, 'ఉప్పు తక్కువైందని మీ అమ్మకి చెప్పు' అన్నాడు సార్."

"వీడు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడితే ముందు వరసంతా పడిపోయింది సార్," అన్నాడు ఉపన్యాసం. "అంత పొడుగున్నవాడు ఎక్కడ పడాలో చూసుకోవద్దూ?"

గదంతా గొల్లున నవ్వింది. తర్వాత వ్యాన్ ముచ్చట్లూ వచ్చాయి. వానకు కారే పైకప్పు, బురదలో దిగబడితే తోసిన రోజు, గొంతు పోయేలా పాడిన పాటలు. కథ గట్టు రోడ్డు దాకా వచ్చేసరికి పక్కదారి పట్టేది. ఎవరో దగ్గేవాళ్ళు. హారన్ ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది. ఆమె చూపు తగిలినవాళ్ళు గుండీలు సర్దుకున్నారు.

ఆమె బెంచీ వంతు వచ్చింది. పక్కన కిటికీ కూర్చునే చోటు ఖాళీ. టీచరమ్మ గొంతు సవరించుకుని, "తర్వాత బెంచీ," అంది.

"ఆగండి టీచరమ్మా." దర్జీ ఆవిడ లేచింది. "ఆఖరున మా అమ్మాయి ఏం చేస్తోందిరా అని వీళ్ళని కనబడినప్పుడల్లా అడిగాను. తలో మాట చెప్పారు."

"పాట పాడుతోంది ఆంటీ," అన్నాడు నిచ్చెన, నేల చూస్తూ.

"నిద్రపోతోంది. తనకేం తెలీలేదు," అంది వెనకనుంచి ఒక పిల్ల.

"చూశారా. పాడుతూనూ పోయిందట, నిద్రలోనూ పోయిందట." ఆవిడ గొంతు పెరగలేదు. నడిచి వచ్చి ఖాళీ చోట చొక్కా మడత విప్పి పెట్టింది. లోపల పిల్ల ఉన్నట్టే భుజాలు సర్ది, హారన్ వైపు తిరిగింది. "నువ్వొక్కదానివే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. నిన్ను చూస్తే మీ నాన్న గుర్తొచ్చి అన్నం సహించేది కాదు. ఇవాళ అడుగుతున్నా. అబద్ధమైతే వద్దు. అది ఏం చేస్తోంది?"

"మంచి రోజున ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అని హెడ్మాస్టరు లేవబోయాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు.

హారన్‌కి నాన్న సబ్బు చేతులు గుర్తొచ్చాయి. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. నిచ్చెన వైపు చూసింది. ఇప్పటికైనా వాడు లేస్తే బాగుండు. వాడు కనబడీ కనబడకుండా తల అడ్డంగా ఊపాడు, వద్దని.

ఆమె లేచి నిలబడింది.

"చెయ్యి బయటపెట్టి, దాటెయ్ బాబాయ్ అని అరుస్తోంది ఆంటీ. అందరం అరుస్తున్నాం. మా నాన్న నిద్రపోలేదు. మేం దాటమన్నాం, దాటాడు."