ఎడమ చెయ్యి తిరగేసి కుట్టారు

కత్తెరమ్మ అక్షరాలు కూడబలుక్కుని రాస్తుంది. ఒక్కో అక్షరం గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసినట్టు నిదానంగా పడుతుంది. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం చెవుల డాక్టరు గారి ముందుగదిలో అభిప్రాయాల పుస్తకం ఆవిడ చేతికి వెళ్ళగానే అందరూ టీ కప్పులందుకుని కబుర్లలో పడ్డారు. ఆవిడ రాయడం పూర్తయ్యేలోపు రెండో విడత టీ కూడా చల్లారిపోతుందని వాళ్ళకు అనుభవమే.

ఈసారి మాత్రం పుస్తకం చిటికెలో తిరిగొచ్చింది. ప్లీడరు గారు కళ్ళజోడు సవరించుకుని ఎప్పటిలాగే పైకి చదివారు.

"ఎడమ చెయ్యి తిరగేసి కుట్టారు."

చదివి పేజీ వెనక్కి తిప్పి చూశారు, మిగతాది అటువైపు ఉందేమోనని. ఏమీ లేదు. ఉన్నది ఆ ఒక్క ముక్కే.

ఈ పుస్తకం సంగతి ముందు చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ఒకే కంపెనీ ఆంప్లిఫయర్లు ఉన్న ఇళ్ళు ఆరు. ఆంప్లిఫయరంటే రేడియో కొట్లో దొరికే బుల్లి డబ్బా అనుకునేరు. ఇద్దరు మగాళ్ళు నడుం బిగించి మొయ్యాల్సిన ఇనప పెట్టె అది. పాటని పెంచి పెద్దచేసి స్పీకర్లకు అందించడం దాని పని. ఆ ఆరుగురూ నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరి పాటలు వింటారు. విన్నాక ఎవరికి తోచింది వారు పుస్తకంలో రాస్తారు. సంగీత సామాన్ల కొట్టాయన ఆ పుస్తకం నకలు తన గల్లాపెట్టె పక్కన పెట్టుకుని, కొనడానికి వచ్చినవాళ్ళకు చూపిస్తాడు. కాబట్టి అందులో రాసిన మాటకు విలువుంది. రాసింది కొట్టెయ్యకూడదని కట్టుబాటు కూడా ఉంది. కట్టుబాటు పెట్టింది డాక్టరు గారే.

ఆ ఆరుగురిలో ఐదుగురు మగవాళ్ళు, చదువుకున్నవాళ్ళు. ఆరోది కత్తెరమ్మ. చొక్కాల మిల్లులో ముప్ఫై ఏళ్ళు గుడ్డ కత్తిరించిన మనిషి. రెండొందల కుట్టుమిషన్లు ఒక్కసారి నడుస్తుంటే పక్కమనిషి అరిచినా వినపడని చోట, ఏ మూల మిషన్లో సూది వదులైందో కూర్చున్నచోటి నుంచే చెప్పేది. పని మానేసిన రోజున మిల్లువాళ్ళు ఇచ్చిందంతా పట్టుకెళ్ళి పెట్టె కొనుక్కుంది. చుట్టాలందరూ బుగ్గలు నొక్కుకున్నారు. "ముప్ఫై ఏళ్ళు నా చెవులు మిల్లుకిచ్చాను. మిగిలినవి నాకిచ్చుకుంటున్నాను. మీకేమిటి బాధ?" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నారు వాళ్ళు.

ఆ పెట్టెకే ఇప్పుడు ఎసరొచ్చింది. కూతురు బళ్ళో టీచరు. పరీక్ష కాగితాలు దిద్దుకోవడానికి బల్ల వేసుకుందామంటే ఇంట్లో జాగా లేదు. ముందుగదిలో సగం పెట్టే, దాని స్పీకర్లే. పోయినవారం తల్లిని చెవుల డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన కత్తెరమ్మ చెవులకు గొట్టాలు తగిలించి, వినపడితే మీట నొక్కమని పరీక్ష చేసి, చివరికి ఒక కాగితం చేతిలో పెట్టారు. దాని మీద గీత మెట్లు దిగినట్టు దిగిపోయింది.

"పై స్వరాలు పోయాయమ్మా," అన్నారు డాక్టరు గారు కూతురితో. "వయసు కదా. మీ అమ్మగారి పెట్టె పాతకాలపు సరుకు, అలాంటివి ఇప్పుడు చెయ్యడం మానేశారు. మీకు బరువనిపిస్తే చెప్పండి, నేను భద్రంగా చూసుకుంటాను."

ఇంటికొచ్చాక కూతురు మెల్లగా కదిపింది. "అమ్మా, తేడా తెలియని చెవులకి అంత యంత్రం దేనికే?"

కత్తెరమ్మ ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు పొద్దున తనే మాటిచ్చింది. "ఆదివారం డాక్టరు గారింట్లో కొత్త పెట్టె వింటాను కదా. నువ్వూ రా. నా చెవి తప్పని తేలితే సోమవారం మనుషుల్ని పిలిచి ఎత్తించెయ్. మళ్ళీ ఆ ఊసెత్తను."

అందుకే ఆవేళ కూతురు కూడా వచ్చి తలుపు దగ్గర కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఎడమ చెయ్యి తిరగేసి కుట్టారన్న మాట వినగానే తల దించుకుంది.

మిగతావాళ్ళు రాసినవి చూస్తే ఎవరికైనా తల దిగుతుంది. 'శబ్దం గోడలు దాటి విశాలమైంది' అని ప్లీడరు గారు. 'గాయని గదంతా నిండిపోయింది' అని రిటైరైన బ్యాంకు మేనేజరు. 'మబ్బుల్లో కూర్చుని విన్నట్టుంది' అని కళ్ళజోళ్ళ కొట్టాయన. 'ఇంతకాలం నేను విన్నది సంగీతమే కాదు' అని డాక్టరు గారు స్వయంగా. కరెంటు లైన్‌మేన్ ఏ ఇంట్లో ఏది విన్నా 'బాగుంది' అనే రాస్తాడు. ఇక్కడా అదే రాశాడు.

డాక్టరు గారు నవ్వారు. "అమ్మగారూ, ఇది చొక్కా కాదండీ."

"తెలుసు బాబూ. చొక్కా అయితే ఎవరైనా తొడుక్కుని చూసేవాళ్ళు."

"పోనీ, తిరగేసి కుట్టడమంటే ఏమిటో మాకర్థమయ్యేలా చెప్పండి."

"గుడ్డకి మంచి వైపు, లోపలి వైపు ఉంటాయి. ఒక చెయ్యి మంచి వైపు పైకి పెట్టి, రెండోది లోపలి వైపు పైకి పెట్టి కుట్టారనుకోండి. కొలతలన్నీ సరిపోతాయి. కుట్లూ బాగుంటాయి. కానీ ఆ చెయ్యి ఈ చేతికి ఎదురు తిరుగుతుంది. మీ పెట్టెలో కుడి పక్క ముందుకి తోస్తుంటే ఎడమ పక్క వెనక్కి లాగుతోంది. మధ్యలో పాడే మనిషికి నిలబడ్డానికి చోటేది?"

బ్యాంకు మేనేజరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"మద్దెల ఓడైతే ఆ మాట కూడా చెప్పాలి కదయ్యా ఎవరో ఒకరు," అంది కత్తెరమ్మ.

డాక్టరు గారి నవ్వు తగ్గింది. ఆ పెట్టె కోసం ఏడాది ఎదురుచూశారాయన. దానికి తగ్గ తీగలు విడిగా తెప్పించారు, తెల్లగా, వేలంత లావున, పట్టు గుడ్డ చుట్టినవి. పనివాళ్ళని ముట్టుకోనివ్వకుండా తనే మోకాళ్ళ మీద కూర్చుని కలుపుకున్నారు.

"చూడండమ్మా. ఈ పేజీ రేపు కొట్లో నలుగురూ చూస్తారు. కట్టుబాటు నాదే, ఒప్పుకుంటాను. ఈ ఒక్కసారికి సడలిద్దాం. ఆ ముక్క కొట్టేసి మరొకటి రాయండి."

"కొట్టెయ్యను."

"అమ్మా," అంది తలుపు దగ్గర నుంచి కూతురు, గొంతు తగ్గించి. "కొట్టెయ్యవే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. చూడ్డానికే కదా వచ్చారు."

"మీది నే పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్న పద్ధతి," అన్నారు డాక్టరు గారు. బల్ల సొరుగు లాగి, ఆ మెట్లు దిగిన గీత కాగితం నకలు తీసి ప్లీడరు గారి ముందు పెట్టారు. "నేను చెప్పకూడదనుకున్నాను. ఆవిడకి సగం స్వరాలు అందవు. ఇక మీరే చెప్పండి."

కూతురు ముఖం ఎర్రబడింది. ఆ కాగితం నలుగురిలోకి వస్తుందని ఆమె అనుకోలేదు.

కత్తెరమ్మ ఆ కాగితం వైపు చూడను కూడా లేదు. "నిజమే బాబూ, అందవు. పిట్ట కూస్తే నాకు వినపడదు. కుక్కర్ కూతేస్తే మా అమ్మాయి వచ్చి చెప్పాలి. చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఏమిటి కొరుకుతున్నావని అడిగాడట, రేపో మాపో నేనూ అంతే. ఒప్పుకున్నాను. కానీ మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో చెప్పడానికి పిట్టకూత అక్కర్లేదు."

ఎవరూ అడక్కుండానే చెప్పుకొచ్చింది.

"మిల్లులో ఒకసారి నలభై డజన్ల చొక్కాలొచ్చాయి. రెండు వైపులా ఒకేలా కనపడే గుడ్డ. సరుకు సరిచూసేవాడు బాగున్నాయన్నాడు, మేనేజరు బాగున్నాయన్నాడు. నా సుద్ద గీత పడితే లారీ కదులుతుంది. అరచేత్తో నిమిరితే ఎడమ చేతులన్నీ ఎదురు తగిలాయి. గీత పెట్టనన్నాను. తానా అంటే తందానా అనడానికి నన్ను కత్తెర దగ్గర నిలబెట్టలేదు కదా. సాయంత్రం దాకా నిలబెట్టారు. కాళ్ళు వాచాయి కానీ గీత మాత్రం పెట్టలేదు."

"ఆ తర్వాత?" అన్నాడు లైన్‌మేన్. ఆవేళ అతను నోరు విప్పడం అదే మొదలు.

"ఒక్క ఉతుకు ఉతికి చూడండన్నాను. ఎడమ చేతులన్నీ మెలితిరిగిపోయాయి. డాక్టరు బాబూ, ఇక్కడ ఉతకడానికి నీళ్ళు కూడా అక్కర్లేదు. ఎవరైనా ఒక్కరే పాడే పాట పెట్టండి. అందరూ కళ్ళు మూసుకోండి. పాడే మనిషి ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. నేను చెప్పింది తప్పైతే ఆ ముక్క నా చేత్తోనే కొట్టేసి, రేపే మా పెట్టె మీ ఇంటికి తోలిస్తాను."

డాక్టరు గారికి ఇష్టం లేదు. అయినా 'పెట్టె తోలిస్తాను' అన్న మాట ఆయన చెవిలో పడింది కాబోలు, లేచి రికార్డు మార్చారు. వాద్యాల్లేకుండా ఒక ఆడమనిషి ఒంటరిగా పాడుతోంది.

అందరూ కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు లేచాయి.

కత్తెరమ్మ ఒక్కతే కళ్ళు తెరిచి కూర్చుంది. "ఇక వేళ్ళు దించకుండా కళ్ళు తెరవండి."

తెరిచారు. ప్లీడరు గారి వేలు కిటికీ వైపు ఉంది. బ్యాంకు మేనేజరుది పైకప్పు వైపు. కళ్ళజోళ్ళ కొట్టాయన తన వెనకున్న తలుపుని చూపిస్తున్నాడు. డాక్టరు గారి వేలు కుడి స్పీకరు దగ్గర మొదలై, తేల్చుకోలేక గాలిలో సున్నాలు చుడుతోంది. లైన్‌మేన్ అసలు వేలే ఎత్తలేదు. తలుపు దగ్గర కూతురు చూపుడువేలు తన నుదుటి మీదే పెట్టుకుని ఉంది.

"అదేమిటే?" అంది కత్తెరమ్మ.

"నా తల లోపల పాడుతున్నట్టుందమ్మా," అంది కూతురు బెదురుగా.

ఒకరి వేలు ఒకరు చూసుకుని, దొంగతనం బయటపడ్డట్టు మెల్లగా దించుకున్నారు.

"ఒక్క మనిషి పాడుతోంది," అంది కత్తెరమ్మ. "మీరు చూపించిన చోట్లకి పాపం ఎన్ని కాళ్ళతో పరిగెత్తాలి?"

"తీగలు నేనే కలిపాను," అన్నారు డాక్టరు గారు. "వెనక చూడాల్సిన పని లేదు."

"మీరే కలిపారు కాబట్టే చూడాలి బాబూ. నా కుట్టు నేను చూసుకుంటే అంతా బాగానే కనపడుతుంది."

లైన్‌మేన్ అప్పటికే లేచాడు. పెట్టె ఆపి, ప్లగ్గు పీకి, టార్చి పట్టుకుని వెనక్కి దూరాడు. కాసేపటికి అక్కడి నుంచే గొంతు వినిపించింది. "అక్కా, మామూలు తీగకైతే ఎరుపూ నలుపూ ఉంటాయి. వీటికి రంగే లేదు. రెండూ తెలుపే. చివర చీమ తలకాయంత అక్షరమేదో ఉంది." టార్చి దగ్గరగా పెట్టి చూసి అన్నాడు, "ఎడమ పక్క ఇటుది అటు, అటుది ఇటు పెట్టారు."

ఎర్రగా, నల్లగా ఉండే తీగైతే బడిపిల్లలు కూడా తప్పు చెయ్యరు. ప్రత్యేకంగా తెప్పించిన తీగ కాబట్టి దానికి రంగుల్లేవు. తప్పు చెయ్యాలన్నా అంత మంచి తీగ ఉండాలి మరి.

మరలు విప్పి, మార్చి బిగించి, మళ్ళీ అదే పాట పెట్టారు. ఈసారి ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకున్నారు. ఆ మనిషి వచ్చి రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యన, గోడకు రెండడుగుల ముందు నిలబడి పాడింది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా అక్కడే. వేళ్ళన్నీ ఒక్క చోటికి లేచాయి. కూతురి వేలు కూడా.

పాట అయింది. డాక్టరు గారు ముందు ఆ గీత కాగితం సొరుగులో పెట్టేశారు. తర్వాత పుస్తకం తీసుకుని, తను రాసింది ఒకసారి చదువుకుని, పెన్ను తీశారు.

"ఏం చేస్తున్నారు?" అంది కత్తెరమ్మ.

"నాది కొట్టేస్తానమ్మా. మీదీ కొట్టేద్దాం. సరిచేసేశాం కదా, ఇక ఆ తప్పు పుస్తకంలో ఎందుకు?"

"ఒక్కటీ కొట్టడానికి వీల్లేదు," అంది ఆవిడ. "మీది మీకు అలా వినపడింది, ఉండనివ్వండి. నాది నాకు ఇలా వినపడింది, అదీ ఉంటుంది. కొట్లోకి వచ్చేవాళ్ళు రెండూ చదువుకోనీండి. ఇలా తెండి పుస్తకం."

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మునుపటి ముక్క కింద ఇంకో ముక్క రాసింది. ఈసారి చాలాసేపు పట్టింది. ఎవరూ కబుర్లలో పడలేదు. టీ కప్పులు ముట్టుకోలేదు. ప్లీడరు గారు అందుకుని చదివారు.

"విప్పి కుట్టారు. ఇప్పుడు వేసుకోవచ్చు."

దాని కింద లైన్‌మేన్ తన 'బాగుంది' పక్కనే ఇంకోసారి 'బాగుంది' అని రాసి, ఆ రెండోదాని కింద గీత గీశాడు.

తల్లీ కూతుళ్ళు ఇంటికి నడిచి బయల్దేరారు. వీధి మలుపు తిరిగాక కూతురు అంది, "ఆ బల్ల నా గదిలోనే మంచం పక్కన వేసుకుంటాలే."

"మంచం పక్కన ఇరుకు. నా గదిలో బీరువా తీసేసి కిటికీ దగ్గర వేసుకో. తలుపు తీసి ఉంచితే పాట అక్కడికీ వస్తుంది."

"కాగితాలు దిద్దుతూ పాటలు వింటే మార్కులు తప్పేస్తానే."

"తప్పేస్తే పిల్లలు ఊరుకోరులే."

కూతురు నవ్వి, ఉన్నట్టుండి ఆగింది. "అమ్మా, పిట్ట కూస్తోంది. వినపడుతోందా?"

"లేదు. ఎక్కడ?"

కూతురు వేలెత్తి ఎదుటి డాబా మీది కరెంటు తీగ చివరను చూపించింది. కత్తెరమ్మ ఆ వేలు వెంటే చూసింది. బుల్లి గొంతు ఉబ్బడం, తగ్గడం కనపడింది.

"కూయనీ," అంది నడక ఆపకుండా. "నాకు వినిపించాలనుంటే అదే కిందికి దిగి వస్తుంది."