రోబో మతిమరుపుపై నౌబాద్ పాఠకుల అభిప్రాయాలు

ఒక అమ్మాయికి ఒక్క మాట చెప్పే ధైర్యం చాలక సంజయ్ ఏకంగా బొమ్మల కథే గీశాడు. అదీ జపాన్ వాళ్ల పద్ధతిలో, మాంగా. నోటితో అయితే అర నిమిషం పని. అతనికి వానాకాలమంతా పట్టింది.

అమ్మాయి పేరు మౌనశ్రీ. బీదర్ శివారు నౌబాద్‌లో ఇద్దరూ పనిచేసే ప్లాస్టిక్ పైపుల కార్ఖానాలో ఆమె లెక్కలు చూస్తుంది, అతను స్టోరు చూస్తాడు. మధ్యాహ్నం అన్నం తింటూ ఆమె ఫోన్‌లో మాంగాలే చదువుతుంది కాబట్టి ఆమె మనసుకు దారి అదేనని అతని నమ్మకం. అతనిది జహీరాబాద్, ఇక్కడే చిద్రిలో గది తీసుకుని ఉంటున్నాడు. ఆమెది సంతపూర్. వారమంతా బీదర్‌లో అక్క ఇంట్లో ఉండి, శనివారం మధ్యాహ్నం ఊరి బస్సెక్కుతుంది. ఈ ఆదివారం ఆమెను చూసుకోవడానికి భాల్కి నుంచి పెళ్లివారు వస్తున్నారని సంజయ్ చెవిన పడింది. శనివారం బస్సు కదిలేలోపు ఆమెకు తన మనసు తెలియాలి. లేకపోతే ఆ బొమ్మలు మిర్చి బజ్జీలు చుట్టడానికి తప్ప ఇంక దేనికీ పనికిరావు.

కథ చిన్నదే. అంగారక గ్రహం మీద ఒక రోబో. దానికి అచ్చం సంజయ్ మీసాలే ఉంటాయి. రోబోకు మీసాలెందుకని మీరడిగితే నేను చెప్పలేను. దుమ్ముతుఫానులో దాని జ్ఞాపకాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మొదటి పేజీలో ఎదురుగా నిలబడ్డ అమ్మాయిని 'నువ్వెవరు?' అంటుంది. ఆ తర్వాత పేజీకొకటి చొప్పున ఆమె కళ్లద్దాలు, టిఫిన్ డబ్బా, నవ్వు గుర్తొస్తాయి. చివరి పేజీలో ఆమెను 'మౌనా' అని పిలుస్తుంది. మాటలు ఆ రెండు పేజీల్లోనే. తక్కినవన్నీ బొమ్మలు.

ఆమె ఒక్కదానికే ఇవ్వడానికి కాళ్లూ చేతులూ ఆడలేదు. అందుకని కార్ఖానాలో అందరికీ, పక్క మెస్సు గుండమ్మకు కూడా, తలా ఒక కాపీ ఇచ్చి, "చదివి మీ అభిప్రాయం చెప్పుండ్రి" అన్నాడు. గుంపులో ఆమె కాపీ కూడా కలిసిపోతుందని అతని ఎత్తు. గురువారం బస్టాండు దగ్గర వీరప్ప జిరాక్సు షాపులో కాపీలు తీయించి, పిన్నులు కొట్టించి, కట్ట విప్పి నేరుగా పంచేశాడు. తన బొమ్మలు తాను చూసుకోవడానికి సిగ్గుపడే మనిషి కాబట్టి ఒక్కటీ తెరవలేదు. ఆ సిగ్గే కొంప ముంచింది.

మొదటి అభిప్రాయం శుక్రవారం పొద్దున్నే వచ్చింది. మిషను నడిపే యాదగిరి స్టోరు గుమ్మంలో నిలబడి పెద్దగా నిట్టూర్చాడు.

"సదివిన తమ్మీ. రాత్రి బువ్వ గూడ సయించలె. మా ఇంటామె అయితే ఏడ్సింది."

సంజయ్ గాల్లో తేలిపోయాడు. తొలి కథకే ఒక ఇల్లాలి కంట నీరు తెప్పించడమంటే మాటలా.

"గా రోబో ఒట్టి నాలాయక్ వాడు. పిల్ల ఎంత మంచిగున్నది," అని యాదగిరి తల ఆడిస్తూ వెళ్లిపోయాడు. రోబోకు మతి పోవడం గురించే అంటున్నాడని సంజయ్ అనుకున్నాడు. పాఠకుడు కథలో అంతగా మునిగిపోవాలి మరి.

మధ్యాహ్నం కార్ఖానా పక్కన గుండమ్మ మెస్సులో అతని పళ్లెంలో పప్పు పడింది గానీ, అందులో పప్పు వెతుక్కోవాల్సి వచ్చింది. రెండో రొట్టె అడిగితే గుండమ్మ మూతి తిప్పుకుంది. అదే గుండమ్మ ఆడవాళ్ల బల్ల దగ్గరికెళ్లి తన డబ్బా తింటున్న మౌనశ్రీకి అడక్కుండానే రెండు జొన్నరొట్టెలు వేసి, తల నిమిరి, చెవిలో ఏదో చెప్పింది. మౌనశ్రీ ముఖం కందగడ్డలా అయింది. సంజయ్ వైపు ఒక్క చూపు చూసి అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"బుక్కు ఎట్లున్నది గుండమ్మక్కా?" అని అడిగాడు సంజయ్, చెయ్యి కడుక్కుంటూ.

"నాకు తెలుగు సదువు రాదు. బొమ్మలు సూసిన. చాలు," అంది ఆమె.

ఆ రోజంతా మౌనశ్రీ అతనితో పలకలేదు. బిల్లులు కూడా ఇంకొకరితో పంపింది. మనసు కదిలితే మనిషి మాట్లాడలేదని సంజయ్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

శనివారం సగం పూటే పని. కార్ఖానా కట్టేసే వేళకు యజమాని భీమ్‌రావ్ లోపలికి పిలిచాడు. బల్ల మీద మాంగా ఉంది.

"సంజయ్, మంచి పోరగానివని నౌకరి ఇచ్చిన. ఆడిపిల్లకు ఆశ సూపెట్టి, మళ్ల నువ్వెవరో నాకెరుకలేదంటవా? అది గూడ బొమ్మలేసి ఊరంత పంచుతవా?"

సంజయ్ బల్ల మీదికి వంగి చూశాడు.

"ముందుగాల పేరు పెట్టి పిలుస్తివి," అంటూ భీమ్‌రావ్ ఒక్కో పేజీ తిప్పాడు. "ఇగో, నవ్వు మర్చిపోయినవ్. టిఫిన్ డబ్బ మర్చిపోయినవ్. అద్దాలు మర్చిపోయినవ్. ఆఖరుకు నువ్వెవరంటవ్. మీసాలు గూడ నీవే ఉన్నయ్ గదరా."

మాంగాను కుడి నుంచి చదవాలి. దాని మొదటి పేజీ మన పుస్తకానికి చివరి పేజీ ఉండేచోట ఉంటుంది. అట్ట కూడా అటే ఉండాలి. భీమ్‌రావ్ చేతిలోని పుస్తకానికి అట్ట ఇటు ఉంది. సంజయ్ పైప్రాణాలు పైనే పోయాయి. కార్ఖానా అంతా వెనక నుంచి చదివింది. గుర్తు తెచ్చుకునే రోబో కాస్తా మరచిపోయే రోబో అయింది. తను ప్రేమిస్తున్నానని చెప్పబోయి, వదిలేశానని చాటింపు వేశాడు.

పరుగెత్తుకుంటూ బస్టాండుకు వస్తుంటే వీరప్ప షాపు దారిలోనే తగిలింది. రొప్పుతూ అడిగాడు.

"నువ్వే ఉల్టా పెట్టినవ్," అన్నాడు వీరప్ప, చాలా శాంతంగా. "అట్ట ఎనుక దిక్కు ఉంటదా ఏడన్న? నేనే తీసి ముందల పెట్టి పిన్ను కొట్టిన. తెలిసినోనివని సరిజేసిన, లేకుంటే నలుగురు నవ్వుదురు నిన్ను."

అతన్ని తిట్టడానికి కూడా తీరిక లేదు. సంతపూర్ మీదుగా ఔరాద్ వెళ్లే బస్సు అప్పటికే నిండి ఉంది. కిటికీ పక్కన మౌనశ్రీ, పక్క సీట్లో ఆమె సంచి. సంజయ్ కిటికీ కింద నిలబడ్డాడు.

"మౌనశ్రీ, అది ఉల్టా అయింది. వీరప్ప అట్ట మార్సిండు. కుడి దిక్కుకెల్లి సదవాలె."

"నాకు తెల్వదా?" అంది ఆమె. "మాంగా కుడికెల్లి సదువుతరని నీకు చెప్పిందే నేను. రెండు పేజీలు సూడంగనే ఎరుకైంది, తిప్పి సదివిన."

నిజమే. చెప్పింది ఆమే. మతిమరుపు మీద కథ గీసిన మహానుభావుడు ఆ సంగతి శుభ్రంగా మరచిపోయాడు.

"మరి ఎందుకు మాట్లాడవైతివి?"

"అందరు నన్ను సూసి అయ్యో పాపం అంటున్నరు. గుండమ్మక్క, గసొంటోడు పోతే పోయిండు బిడ్డా అని రొట్టె మీద రొట్టె ఏస్తున్నది. నువ్వేమో యాదగిరన్న అభిప్రాయం అడిగినవ్, గుండమ్మక్క అభిప్రాయం అడిగినవ్. నన్ను అడిగినవా?"

"ఇప్పుడు అడుగుతున్న. ఎట్లున్నది?"

"బొమ్మలు మంచిగున్నయ్. నా ముక్కు అంత పెద్దగ ఉండదు. కథ మాత్రం సగమే ఉన్నది. వానికి పేరు యాదికొస్తది, పిలుస్తడు, ఖతం. పిలిసినంక ఏమన్న అడగాలె గద. ఆమె ప్రతి పేజీల ఉన్నది, ఒక్క మాట గూడ మాట్లాడదు. ఆమెకు ఇష్టమున్నదా లేదా నీకేమెరుక?"

అన్ని అభిప్రాయాల్లోకీ ఇదే గట్టిగా తగిలింది. తక్కినవాళ్లు తప్పుగా చదివి తిట్టారు. ఈమె సరిగ్గా చదివి తిట్టింది. సంజయ్‌కి నిజంగా సిగ్గేసింది. వానాకాలమంతా ఆమె ముక్కూ, కళ్లద్దాలూ గీశాడే తప్ప ఆమె ఏమంటుందోనని ఒక్క గీత గీయలేదు.

డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. అద్దం ముందు నిలబడి నేర్చుకున్న ముక్కలన్నీ సంజయ్ బుర్రలోంచి ఎగిరిపోయాయి. మిగిలిందొకటే.

"నన్ను పెండ్లి చేసుకుంటవా?"

బస్సంతా విన్నది. ముందు సీట్లో ముసలమ్మ వెనక్కి తిరిగి, తీర్పు చెప్పేదానిలా మౌనశ్రీని చూసింది. మౌనశ్రీ తొందరపడలేదు. కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, పెట్టుకుంది. ఆ కాస్త సేపట్లో సంజయ్ ప్రాణం బస్సు చక్రం కింద ఉన్నట్టే ఉంది.

"చేసుకుంట," అంది ఆమె. "గని మా నాయినకు బొమ్మల బుక్కు ఇచ్చి అభిప్రాయం అడిగితే కుదరదు. రేపు భాల్కోళ్లు రాకముందే నోటితోని చెప్పాలె. ఎక్కు." పక్క సీట్లోంచి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

సంజయ్ ఎక్కేసరికి కండక్టరు వచ్చాడు. ఈ సర్కారు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు ఊరికే, మగవాళ్లే కొనుక్కోవాలి. సంజయ్ ఒక సంతపూర్ టికెట్టు తీసుకున్నాడు.

"మీ నాయిన ఏమంటడు?" అని మెల్లగా అడిగాడు.

"మొదలు తిడుతడు. తిట్టినంక బువ్వకు లెమ్మంటడు. మధ్యల లేసి ఉరుకకు," అంది మౌనశ్రీ.

ఉరకనన్నట్టు సంజయ్ తలూపాడు. భయమూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చి, సీటు కమ్మీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. బస్సు కదిలింది.