సోమవారం ముద్ద

భాగ్యశ్రీకి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. ఏదో ఒక సోమవారం సాయంత్రం తాత ఈశ్వరప్ప షుగరు సూది వేసుకుని, అన్నం మానుకుని, పక్కన పలకరించే మనిషి లేక మంచంలోనే చల్లబడిపోతాడని.

సోమవారం రాత్రి ఆయన తినడు. అది దేవుడి ఒక్కపొద్దు కాదు. పాకిస్తానుతో యుద్ధం జరిగిన ఏడు దేశంలో తిండిగింజలు చాలక, ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట అన్నం మానమని జనాన్ని అడిగాడు. అప్పటికి ఈశ్వరప్పకు మీసాలు వస్తున్న వయసు. అన్న గంగప్ప పట్టాళంలో ఉన్నాడు. తాను మానిన ముద్ద అన్నకు చేరుతుందని తమ్ముడు పస్తు పట్టాడు. అన్న చక్కగా తిరిగొచ్చాడు, పెళ్ళి చేసుకున్నాడు, మనవల్ని ఎత్తుకున్నాడు, ముసలితనంతో పోయాడు. తమ్ముడి పస్తు మాత్రం పోలేదు.

"ఇంక సాలు తాతా. ఆ యుద్ధం అయిపోయి ఎన్నేండ్లాయ?" అని భాగ్యశ్రీ ఎన్నోసార్లు పోరింది.

"మొదులుపెట్టమన్నాయన ఆపమని సెప్పలేదు పాపా. సెప్పేలోపలే పరాయి దేశంలో, తాష్కెంటులో, పాణం ఇడిసె. ఇంగ ఎవురు సెప్తే ఆపేది?"

"ఇప్పుడుండే ఆయన టీవీలో సెప్తే?"

"ఆయనకు నేను మాటియ్యలేదు గదా."

పెనుకొండ నుంచి రొద్దం పోయే దోవలో, శెనక్కాయ చేని గట్టున ఉన్న రేకుల ఇల్లు వాళ్ళది. తాతే భాగ్యశ్రీని పెంచాడు. ఎనిమిదో తరగతితో ఆమె బడి ఆగిపోయింది కాబట్టి శాస్త్రి గురించి తెలిసిందంతా ఆయన నోట విన్నదే. మనిషి పొట్టి. రైలు ప్రమాదంలో జనం చనిపోతే రైల్వే మంత్రి పదవి వదిలేశాడు. దేశాన్ని పస్తు అడిగే ముందు తన ఇంట్లో ఒక పూట వంట మానమన్నాడు. తన పిల్లలు ఆకలికి ఆగగలరో లేదో చూసుకున్నాకే ఊరివాళ్ళ పిల్లల్ని అడిగాడు. చిన్నప్పుడు ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు జలదరించేది. బిడ్డ పుట్టాక మరోలా వినపడింది. ఆ పూట ఆ పిల్లల తల్లి ఏమనుకుందో తాత కథలో లేదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఇద్దరు పెద్దమనుషుల మాట ఒకే పూటకు వచ్చి పడింది. ప్రధానమంత్రి అన్నం మానమన్నాడు. హిందూపురం డాక్టరు సాయంత్రం సూది ఒక్క పూట కూడా తప్పవద్దన్నాడు. ఈశ్వరప్ప ఇద్దరి మాటా నిలబెట్టాడు.

మొదటిసారి ఆమె చూసేసరికి బనీను చెమటతో తడిసిపోయి, నాలుక తడబడుతూ, ఆయన మనవరాలిని "అమ్మా" అని పిలుస్తున్నాడు. చక్కెర నీళ్ళు తాగించి, తేరుకునేదాకా వీపు నిమురుతూ కూర్చుంది. మరునాడే బిడ్డను చంకనేసుకుని, ఆయన్ను హిందూపురం బస్సెక్కించింది.

"తినని పూట ఆ సూది వేసుకోకూడదు పెద్దాయనా, ప్రాణం పోతుంది" అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. ఈశ్వరప్ప బుద్ధిగా తలూపాడు. తిరుగు బస్సు సోమందేపల్లి దాటాక నోరు విప్పాడు.

"ఆయప్ప పోయినేడు ఒక్క పూట గూడా తప్పొద్దనె. ఇప్పుడు వద్దంటాండాడు. మాట మార్చేవాని మాట యాడ నమ్మేది?"

"ఆయప్ప డాక్టరు తాతా!"

"అయితే? శాస్త్రిగారు మాట మార్చినాడా?"

ముందు సీట్లో పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగింది. "ఏమప్పా, సచ్చిపోయినోళ్ళు యాడన్నా మాట మారుస్తారా?"

బస్సంతా నవ్వింది. భాగ్యశ్రీకి నవ్వు రాలేదు.

ఆయన్ను గెలిచింది ఆమె కూతురు, మూడేళ్ళ అనూ. ఒక సోమవారం తన గిన్నెలోని బెల్లమన్నం పిడికిట్లో పట్టుకొచ్చి ముత్తాత నోట్లో కుక్కింది. ఆయన ఉమ్మలేదు. పసిబిడ్డ పెట్టింది ఉమ్మడం ఆ ఇంట్లో లేదు. ఇంకో పిడికెడు, ఇంకోటి.

"పస్తు ఇడిస్తివే తాతా!" అంది భాగ్యశ్రీ, సంతోషం గొంతులోనే దాచుకుని.

"నేను తింటినా? పాప పెట్టింది. పిల్లోళ్ళు పెట్టేది భోజనం కిందికి రాదు."

అప్పటి నుంచి సోమవారం ఆయన సూది వేసుకోగానే అనూ గిన్నె పట్టుకుని మంచం ఎక్కేది. భాగ్యశ్రీ వాకిట్లో నిలబడి చూడనట్టే చూసేది.

ఈ వానకాలం భర్త సురేష్‌కు ధర్మవరంలో పట్టుచీరల మగ్గం మీద పని కుదిరింది. పని ఇచ్చినాయనే ఒక గది చూపించాడు. అందులో సగం మగ్గమే.

"తాతను గూడా పిల్చుకుపోదాం. మగ్గం పక్కన చాప ఏస్తా" అన్నాడు సురేష్, మంచి మనసుతోనే.

"జై కిసాన్ అని నన్ను పిల్చినాడప్పా శాస్త్రిగారు" అన్నాడు ఈశ్వరప్ప. "సేను ఇడిసిపెట్టి చీరల కింద కూచుంటే కిసాను యాడుంటాడు?"

"కిసానువే, కాదన్యానా? నా బిడ్డకు ముత్తాతవి గూడా గదా!" అంది భాగ్యశ్రీ.

"పో పాపా. నేను అంత బిరీన సచ్చేవాన్ని కాదు."

సూదులు దాచిపెట్టి పోదామా అనుకుంది. కానీ తినే రోజుల్లో ఆయన ప్రాణం వాటిమీదే ఉంది. పక్క చేని లక్ష్మక్క చూసుకుంటానని మాటిచ్చింది. కానీ ఆమెది హిందూపురం గార్మెంట్స్‌లో పని. బస్సు దించేసరికి చీకటి పడుతుంది. సూది వేసుకునేది పొద్దు గుంకే వేళ.

ధర్మవరంలో మొదటి సోమవారం. పొద్దు గుంకింది. తాత ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. లక్ష్మక్కకు చేస్తే బస్సు హోరులో, "ఇంగా సోమందేపల్లి కాడుండాం పాపా, దిగుతానే పోయి చూస్తా" అని వినపడింది.

"సేనుకాడ పెట్టి మర్సిపోయింటాడులే" అన్నాడు సురేష్. అని, మగ్గం మీద చేతులు ఆడించకుండా అట్లే కూర్చున్నాడు.

అనూ బెల్లమన్నం గిన్నె పట్టుకుని గదంతా తిరిగింది. మంచం కనపడలేదు.

"మా, తాత యాడుండాడు?"

భాగ్యశ్రీ మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుంది. మోగుతూనే ఉంది.

ఇది చదివిన మీలో ఎవరైనా సోమవారం సాయంత్రం పెనుకొండ నుంచి రొద్దం వైపు పోతూ ఉంటే, శెనక్కాయ చేని గట్టున రేకుల ఇంటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈశ్వరప్పా అని పిలిచి, పలుకుతాడేమో చూడండి. తినమని మీరు చెప్తే తినడు. మీ వెంట పసిబిడ్డ ఉంటే, ఆ చేతిలో ఇంత బెల్లమన్నం పెట్టి లోపలికి పంపండి.