నిన్న ఏం తిన్నవ్ అవ్వా?

డైటీషియన్ కోర్సు ఆఖరి ఏడాదిలో దుర్గాభవానికి అప్పగించిన పని వినడానికి తేలికే. అడవిలోని కిష్టారం గూడేనికి వెళ్లి, నిన్న పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎవరెవరు ఏం తిన్నారో అడిగి ఫారంలో రాసుకురావాలి.

"నిన్న ఏం తిన్నవ్ అవ్వా?"

"జావ. మాపటికి మళ్లా జావే," అంది గూడెంలోని ముసలావిడ ఉంగవ్వ.

ఐరన్, విటమిన్ల గళ్లన్నీ ఖాళీగా మిగిలాయి. ఒట్టి జావతో ఈ ముసలిప్రాణం ఎలా నిలబడిందా అని భవానికి దిగులేసింది. ఎవరిమీదో తెలియని కోపం కూడా వచ్చింది.

ఉంగవ్వ కట్టెలకని అడవిలోకి బయల్దేరితే తనూ వెంట నడిచింది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలుతోంది. అవ్వ నడుస్తూనే తునికిపండు నోట్లో వేసుకుంది, చింతచిగురు దూసి నమిలింది, నేరేడు కొమ్మ వంచి భవాని దోసిట్లోకి దులిపింది. ఇద్దరూ కలలో నడుస్తున్నట్టు, తింటూ నడిచారు. ఎంతసేపో, ఎంతదూరమో భవానికి తెలియలేదు.

ఉన్నట్టుండి ఫారం గుర్తొచ్చింది.

"నిన్న గూడ ఇవన్నీ తిన్నవా అవ్వా? మరి చెప్పలేదేంది?"

ఉంగవ్వ వింతగా చూసింది. "పొయ్యికాడ కూసోని తింటేనే గద బిడ్డా తిన్నట్టు. నడుస్తా నోట్ల ఏసుకునేది తిండెట్లయితది?"

సాయంత్రం కోంటాలో ఇల్లు చేరి, అడవిలో తిన్నవి చేర్చేసరికి కొట్టివేతలతో నిండిన ఆ ఫారం భవాని మళ్లీ ముందేసుకుంది. వాళ్లమ్మ మంగాదేవి కంచం తెస్తూ, "పొద్దటిసంది ఏం తిన్నవే?" అని అడిగింది.

"ఏం తినలేదమ్మా," అంది భవాని పరధ్యానంగా.

ఆ మాటన్న నాలుక నేరేడురంగులో నిగనిగలాడుతోంది.