బొట్టు పెట్టని పిలుపు

తమ్ముడు ఫోన్ ఎత్తక నాలుగు రోజులైంది. వజ్రమ్మ కాలు కాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. పొయ్యి ముందు కూర్చుంటే కూర మాడుతుంది, చేనుకు పోతే పత్తి ఏరుతూ ఏరుతూ నిలబడిపోతుంది. ఇంకో ఇరవై రోజుల్లో కూతురు సుమ పెండ్లి. మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తేనే పిల్ల మండపంలోకి వచ్చేది. ఆ మేనమామే అలిగాడు.

తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మెతో బస్సులన్నీ ఆగిపోయిన రోజులవి. బచ్చన్నపేట నుంచి భూపాలపల్లికి పోయి, తమ్ముడి భార్య సుమిత్రకు బొట్టు పెట్టి, మొదటి పత్రిక వాళ్ల చేతికే ఇవ్వాలని వజ్రమ్మ ఆశ. అయితే మొగుడు పోయిన మనిషి, బొట్టు తను పెట్టకూడదు. తోడికోడలు రాములమ్మ వెంట రావాలి. ఆమేమో బస్సులు నడిచినాక పోదామంది. ఈలోగా జనగామలో డిగ్రీ చదివే కొడుకు సాగర్, అచ్చయి వచ్చిన పత్రికను ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు.

తమ్ముడు కట్టయ్యది బొగ్గు బాయిలో కొలువు. అక్కడా సమ్మే. సమ్మె టెంటులో పక్కన కూర్చున్న జైపాల్ తన ఫోన్‌లో పత్రిక చూసి, "ఏం కట్టన్నా, మేనకోడలి లగ్గం పెట్టుకొని చప్పుడు జేస్తలేవు? దావత్ ఎగ్గొడదామనా?" అన్నాడు. సంబంధం కుదిరిందని తప్ప కట్టయ్యకు తేదీ కూడా తెలియదు. తెల్లమొహం వేశాడు. "మేనమామకు పత్రిక లేదట!" అని టెంటంతా నవ్వింది. ఈ సంగతి వజ్రమ్మకు సుమిత్రే గొంతు తగ్గించి ఫోన్‌లో చెప్పింది.

"మామ అలుగుడేందవ్వా? ఇగో, లైక్ గూడ కొట్టిండు," అని సాగర్ ఫోన్ చూపించాడు.

"గది కొట్టింది మీ మామ గాదు. ఆయన పేరు పెట్టుకొని ఆయన బిడ్డ సంధ్య నడుపుతదట."

"నాకేం ఎరుక? ఒక్క దెబ్బకు మూడు వందల మందికి చెప్పిన."

"ఆ మూడు వందల మంది మోస్తరా మీ అక్క గంప?"

సాగర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాములమ్మను మళ్లీ అడిగింది. "మోకాళ్లు పట్టేసినయక్కా, బండ్లు మారుకుంట నేను రాలేను," అందామె. ఇక ఆగలేదు వజ్రమ్మ. కుంకుమ భరిణె, పత్రికలు సంచిలో వేసుకొని కొడుకును లేపి బయలుదేరింది. జనగామకు ఆటో, కాజీపేటకు రైలు, అక్కడి నుంచి దొరికిన జీపు. ఊరూరా రోడ్డు మీదే పొయ్యిలు, వంటావార్పు, పాటలు. బండి ఆగినప్పుడల్లా దిగడం, జనంలోంచి నడవడం, అవతల ఇంకో బండి ఎక్కడం. పరకాల దగ్గర చూస్తే సాగర్ మళ్లీ ఫోన్ నొక్కుతున్నాడు.

"ఏం జేస్తున్నవురా?"

"మామ ఇంటికి వస్తున్నమని పెడుతున్న. సంధ్య సూస్తది గదా."

వజ్రమ్మ ఫోన్ గుంజుకొని సంచిలో పడేసింది.

చేరేసరికి పొద్దు వాలుతోంది. కట్టయ్య ఇంటికి తాళం. అందరూ టెంటు దగ్గర వంటావార్పులో ఉన్నారని పక్కింటామె చెప్పింది.

"వచ్చేదాక అరుగు మీద కూసుందామవ్వా," అన్నాడు సాగర్.

"ఆయన ఇజ్జత్ ఇంట్ల పోలే, టెంటుల పోయింది. నడువు."

టెంటు ముందు సుమిత్ర పెద్ద బగోనెలో పప్పు కలుపుతోంది. కట్టయ్య అక్కను చూసి మొహం తిప్పుకున్నాడు.

"పత్రిక జైపాల్ ఫోన్ల సూసినం గదక్కా. మళ్ల ఇంత దూరం ఎందుకు పరేషాన్ అయితివి?"

"తిట్టు తమ్మీ. తిట్లు తినేటందుకే వచ్చిన. ఫోన్ల తిడుదువంటే ఎత్తకపోతివి."

ఎవరో కిసుక్కున నవ్వారు. వజ్రమ్మ భరిణె మూత తీసింది. అంతవరకూ వచ్చి చేయి ఆగిపోయింది. పొయ్యి దగ్గరున్న ఒకామెకు విషయం అర్థమై, "ఇటియ్యక్కా, నేను పెడత," అంది.

సుమిత్ర గరిటె పక్కన పెట్టి, కొంగుతో నుదుటి చెమట తుడుచుకుంది. "పిలిచేది ఆమెనా, నువ్వా వదినె? నువ్వే పెట్టు."

కుంకుమ తాకి ఆరేళ్లయింది. బొట్టు కాస్త పక్కకు పడింది. సుమిత్ర సరిచేసుకోలేదు. వజ్రమ్మ పత్రిక తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గంప అల్లించినవా, నేను ఇక్కన్నుంచి తేవాల్నా?" అన్నాడు చివరికి. "సుమ జర బరువెక్కినట్టుంది. గట్టిది గావాలె."

టెంటు ఈసారి కట్టయ్యతో కలిసి నవ్వింది. జైపాల్ అప్పటికే ఫోటో తీశాడు. "ఫేస్‌బుక్‌ల ఎక్కియ్యాల్నా అన్నా?"

"ఎక్కియ్. నా పరువు తీసింది ఆ ఫోనే గదా, అదే తెచ్చియ్యనీ."

నర్సింహులపేట వియ్యాలవారు చూస్తే? మొగుడు లేనిది బొట్టు పెట్టిందంటే? వజ్రమ్మ వద్దనబోయి తమ్ముడి మొహం చూసి ఊరుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు తిరుగు జీపులో ఫోన్ సాగర్ చేతికిచ్చి, "నర్సింహులపేటోళ్లు సూసిన్రా?" అంది.

"బావ లైక్ కొట్టిండవ్వా."

"వాళ్లమ్మ?"

"ఆమెకు ఫేస్‌బుక్ యాడిది? బావ కొట్టిండంటే అందరు మంచిగున్నట్టే."

వజ్రమ్మ పరకాల దాటేదాకా ఓపిక పట్టింది. తర్వాత చేయి చాపింది.

"ఆమె నంబర్ కలుపు."

"ఇప్పుడా? జీపులనా?"

"ఎవరో సూపిస్తే సూసుడెందుకు? నా చెయ్యి చేసిన పని నా నోటితోనే చెప్త. ఏమంటదో ఆమె గొంతులనే వింట."

అవతల ఫోన్ మోగుతోంది. జీపు గుంతలో పడి లేచింది. వజ్రమ్మ ఒక చేత్తో కడ్డీ పట్టుకొని, ఇంకో చేత్తో ఫోన్‌ను చెవికి గట్టిగా నొక్కుకుంది. వేలి గోటి సందున కుంకుమ ఇంకా ఉంది.

"వదినే, నేను... వజ్రమ్మను," అంది.