లైన్ల ఎవలున్నరు?

దసరా తెల్లారి టీవీ వాళ్ళు మా ఇంటికి వచ్చారు. వరంగల్ కాశిబుగ్గలో మా గల్లీ సన్నం. వ్యాను మూల మీదే ఆగిపోతే, లైట్లూ కెమెరాలూ భుజాన వేసుకుని నడిచి వచ్చారు. అందరికంటే ముందున్నవాడు ఎడమకాలు పెట్టి గడప దాటాడు. అప్పుడే నా గుండెలో రాయి పడింది. ఇంట్లో చెంచా కిందపడినా ముందు దవాఖాన తలుచుకునే మనిషిని నేను.

మా అమ్మాయి కావ్య హైదరాబాదులో ఒక టీవీ పాటల పోటీలో పాడుతోంది. పాడే ప్రతి పిల్ల ఇంటికీ వెళ్ళి, వాళ్ళ కథ తీసి, పాటకు ముందు చూపిస్తారట. దానికోసమని రమ్య అనే అమ్మాయి నలుగురిని వెంటేసుకుని వచ్చింది.

"అంకుల్ లేరా ఆంటీ?"

"ఏటూరునాగారం దిక్కు పని మీద ఉన్నడు బిడ్డా. అడవిల ఊళ్ళకు ఇంటర్నెట్ తీగలు గుంజుతాండ్రు. ఆదివారానికి వస్తడు. అక్కడ ఫోన్ సుత కలువది."

"పర్లేదు ఆంటీ. ఆయన ఫొటో ఉంటే చాలు."

మధ్య గది చూపించాను. మా ఆయన కట్టయ్య ఒకప్పుడు ఈ వాడకంతా కేబుల్ నడిపినవాడు. ఆనాటి పాత టీవీ, టేపులు వేసే మిషను, మైకు ఇంకా ఆ గదిలోనే ఉన్నాయి. ఏటా దసరాకు వాటిని తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేస్తాం. అన్నం పెట్టిన పనిముట్టు కదా. మిషను పైన గోడకు ఆయన ఫొటో ఉంటుంది, మైకు ముందు కూచుని నవ్వుతున్నది.

అప్పట్లో సాయంత్రమైతే వాడంతా మా చానలే పెట్టుకునేది. జనం ఫోన్ చేసేవాళ్ళు. "లైన్ల ఎవలున్నరు?" అని ఈయన అడిగేవాడు. పేరు, వాడ, కావలసిన పాట చెప్తే చాలు. పాట మొదలు నుంచి చివరిదాకా వచ్చేది, కింద పేర్లు నడిచేవి. మిర్చి యార్డు హమాలీ పేరు, బీడీలు చేసే అక్క పేరు, మరదలు పంపితే బావ పేరు. తమ పేరు పోయేదాకా ఇంటిల్లిపాదీ రెప్ప వేసేవాళ్ళు కాదు. పాట అడగడానికి ఎవరూ ఏడవాల్సిన పని లేదు, ఇంట్లో ఎవరు చచ్చారో చెప్పాల్సిన పని లేదు. పెళ్ళికి ముందు నేను కూడా చింతల్ నుంచి ఫోన్ చేసి అడిగినదాన్నే.

ఆయన ముఖం ఎన్నడూ తెర మీద రాలేదు. గొంతు మాత్రం తెలియనివాళ్ళు లేరు. అంగట్లో "ఉల్లిగడ్డ ఎట్లిస్తానవ్?" అంటే, వెనక నుంచి ఎవరో "కట్టన్నా, నువ్వేనా?" అని తిరిగేవాళ్ళు. తర్వాత పెద్ద చానళ్ళు వచ్చాయి, సెట్‌టాప్ డబ్బాలు వచ్చాయి. పాటల చానళ్ళలోనే పాటలు పోయి పోటీలు, కొట్లాటలు, కన్నీళ్ళు మొదలయ్యాయి. ఈయన చానలు మూతపడింది. ఇప్పుడు ఎవరివో తీగలు గుంజుతున్నాడు.

నేను టీ పెట్టుకుని వచ్చేసరికి మిషనుకు కరెంటు ఇచ్చి ఉంది. ఎర్ర లైటు మినుకుమినుకు మంటోంది. దాని మీద ఉండాల్సిన బంతిపూల దండ మా ఆయన ఫొటోకు వేలాడుతోంది. కెమెరా దాని మీదే ఉంది.

ట్రే కింద పెట్టేశాను. "బతికున్న మనిషికి దండేస్తరా!" అని ఉరికి లాగేశాను.

"ఊరికే ఆంటీ, ఫ్రేము నిండుగా ఉంటుందని. ఎడిటింగ్‌లో చూసుకుంటాం." రమ్య నా భుజం మీద చేయి వేసింది. ఆ చేయి చల్లగా ఉంది.

వాళ్ళు పోగానే ఉప్పూ మిరపకాయలూ తీసి ఆ ఫొటోకు దిష్టి తీశాను. మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటే రాలేదు.

ఆదివారం సాయంత్రం పక్కింటి మల్లక్క వాళ్ళ ఇంట్లో పెద్ద టీవీ అని గల్లీ ఆడవాళ్ళంతా అక్కడే కూచున్నాం. మా ఆయన ఇంకా రాలేదు. తెర మీద మా గల్లీ వచ్చింది, మా గడప వచ్చింది. పిల్లనగ్రోవి ఏడుస్తున్నట్టు మోగింది. ఆ తర్వాత ఫొటో, దండతో. "ఒకనాడు ఓరుగల్లుకు పాటలు పంచిన గొంతు. నేడు ఆ గొంతు లేదు. నాన్న వదిలేసిన పాటను కూతురు అందుకుంది."

చనిపోయాడని ఎక్కడా అనలేదు. అనాల్సిన పనే లేదు. జడ్జీలు కళ్ళు తుడుచుకుంటున్నారు. స్టేజీ మీద కావ్య పెద్ద తెర వైపు తిరిగి, నోరు తెరిచి, రాయిలా నిలబడి ఉంది. పాట మొదలైంది, ఒక్క చరణంలోనే అయిపోయింది. మళ్ళీ కన్నీళ్ళే చూపించారు.

మల్లక్క నన్ను గట్టిగా పట్టుకుంది. "ఎప్పుడైందే ప్రేమా? మాకు చెప్పకపోతివి."

"ఏం కాలేదక్కా, మనిషి మంచిగున్నడు. అడవిల పనికి పోయిండు, అంతే."

"టీవీల చూపిచ్చిండ్రు గదనే."

గదిలో అందరూ నా ముఖం వైపు, ఆ తర్వాత నా బొట్టు వైపు చూశారు. బయటికి వచ్చి ఆయనకు ఫోన్ చేశాను. కలవలేదు. మళ్ళీ చేశాను. సోమవారం తెల్లారినా ఆయన రాలేదు.

సోమవారం పాలవాడు సగమే పోశాడు. "ఇంక తక్కువనే గదక్కా" అన్నాడు. శివనగర్ నుంచి ఒక పెద్దాయన సైకిల్ మీద వచ్చి గడప బయటే చెప్పులు విడిచాడు. "నా బిడ్డ పుట్టినరోజుకు పాటేసిండమ్మా. మంచోడుండె" అని, నేను చెప్పేది వినకుండానే కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం వంటింట్లో ఉన్నాను. మధ్య గదిలో నుంచి మా ఆయన గొంతు వినిపించింది.

"లైన్ల ఎవలున్నరు?"

గరిటె అక్కడే పడేసి పరుగెత్తాను. గదిలో ఎవరూ లేరు. పాత టీవీ వెలుగుతోంది. తెరంతా నీలం. టీవీ వాళ్ళు మిషనుకు ఇచ్చిన కరెంటు నేను తీయలేదు. లోపల ఏదో పాత టేపు ఇరుక్కుని ఉంది, పొద్దున పోయిన కరెంటు తిరిగి రాగానే అది తిరగడం మొదలుపెట్టింది. అంతే అయ్యుంటుంది. ఆ టేపుల్లో ఈయన గొంతే ఉండేది, ఫోన్ చేసినవాళ్ళ గొంతు ఎక్కేది కాదు.

"లైన్ల ఎవలున్నరమ్మా?" అని ఆ గొంతు మళ్ళీ అడిగింది.

నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. "నేనే."

"ఎక్కడికెళ్ళి మాట్లాడుతాండ్రు?"

"ఇంట్లకెళ్ళే. కాశిబుగ్గ."

"మంచిది. ఏం పాట గావాలె?"

"పాట అద్దు. నువ్వెప్పుడొస్తవ్?"

తెర నీలంగా నిలబడిపోయింది. ఏదో గరగరమంది. ఆయన నవ్వాడు, పెళ్ళికి ముందు నవ్వినట్టు. "గంత తొందరెందుకమ్మా? జర ఆగుండ్రి. మీ ముంగట ఇంకొకలున్నరు."

నా ముందు ఎవరున్నారు? వెనక్కి తిరిగితే తలుపులో మల్లక్క నిలబడి ఉంది, చేతిలో అన్నం గిన్నె. చావింటికి పక్కవాళ్ళు తెచ్చే అన్నం.

"టేపుతోని ముచ్చట పెడుతానవా ప్రేమా?" అంటూ ప్లగ్గు పీకేసింది.

మంగళవారం పొద్దు గూకే వేళకు వెనక తలుపు చప్పుడైంది. తీస్తే ఆయన. మోకాళ్ళ దాకా బురద, మెడ మీద ఎర్రగా గీసుకుపోయిన గుర్తు. ముట్టుకుని చూశాను. వెచ్చగానే ఉన్నాడు.

"ఆదివారం పొద్దు గూకంగ వాగు దాటుతాంటే బండి జారిందే. ఫోన్ నీళ్ళల్ల పడ్డది. రోడ్డు మునిగి ఆ ఊళ్ళెనే ఆగిపోయినం."

"మెడకేమైంది?"

"తీగ తగిలినట్టున్నది. పడేముందు మెడల ఏదో బరువేసినట్టైంది. నవ్వకు గని, బంతిపూల వాసనొచ్చింది."

నేను నవ్వలేదు. ఫోన్లో టీవీ వాళ్ళ వీడియో చూపించాను. చూస్తూ మెడ మీది గుర్తును తడుముకున్నాడు. పోటీ వాళ్ళు ఫోన్ చేతికిచ్చినట్టున్నారు, అప్పుడే కావ్య చేసింది.

"అమ్మా, నాకు తెల్వదమ్మా అట్ల చూపిస్తరని. ఒట్టు. చెప్తనంటే రమ్య మేడం ఆపింది. సంతకం పెట్టిన కాయితాలున్నయట, నోరు తెరిస్తే తీసేస్తరట. బాపు వచ్చిండా? ఏమంటాండు?"

ఆయన ఫోన్ తీసుకుని గుసగుసగా చెప్పాడు. "పాడు బిడ్డా. నాకేం గాలేదు. ఫైనల్ అయినంక అందరికి చెప్పుదాం. అంతదాక నేను ఇంట్లనే ఉంట."

ఇంట్లో ఉంటే సరిపోతుందా? ఆయన గొంతు వాడంతా ఎరిగిందే. గట్టిగా మాట్లాడితే గోడ అవతల మల్లక్క వింటుంది. అందుకని మొదట గుసగుసలాడాడు. ఆ తర్వాత సైగలు. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపించేవాడు. మధ్య గదిలోనే తినేవాడు, అక్కడే పడుకునేవాడు, తన ఫొటో కింద. పరామర్శకు వచ్చినవాళ్ళు ముందుగదిలో కూచుని "ఎంత మంచి మనిషుండె" అంటుంటే పరదా వెనక తల వంచుకుని వినేవాడు. ఒకసారి తుమ్ము వస్తే దిండులో ముఖం పెట్టుకున్నాడు. పగటిపూట నిద్రపోతే నేను వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. రానురాను సైగలు కూడా తగ్గాయి. పలకరిస్తే ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఆలస్యంగా చూసేవాడు.

తర్వాతి ఆదివారం పోటీ లైవ్ అన్నారు. మధ్యాహ్నం రమ్య ఫోన్ చేసింది. "ఆంటీ, ఈ వారం పాత పాటల ఫోన్ ప్రోగ్రామ్ థీమ్. యాంకర్ స్టేజీ మీంచి మీకు కాల్ చేస్తుంది. ఏడుపొస్తే ఆపుకోకండి. 'మీ నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో' అనండి, చాలు."

సాయంత్రం ముందుగదిలో టీవీ పెట్టాను. స్టేజీ మధ్యలో మనిషెత్తు ఫొటో, దండ, ముందు దీపం. ఆయన కోసం మధ్య గదిలోకి వెళ్ళాను. చచ్చిన మిషను ముందు కూచుని, మైకు నోటి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. లైన్ల ఎవలున్నరు, లైన్ల ఎవలున్నరు. శబ్దం లేదు.

"గట్టిగ అనవయ్యా, జర గట్టిగ."

ఆయన ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు నాకు తెలిసిపోయింది. ఫైనల్ దాకా ఆగితే ఈ మనిషి దక్కడు. కావ్యకు ఆ స్టేజీ పోతే పోనీ.

ఫోన్ మోగింది. "హలో, వరంగల్ నుంచి లైన్లో ఎవరున్నారు?" యాంకర్ గొంతు తీపిగా ఉంది. ఫోన్ తీసుకెళ్ళి ఆయన చెవికి ఆనించాను.

"అమ్మా?" అని కావ్య అవతల నుంచి.

ఆయన ఛాతీ ఎగిసింది. కడుపులో నుంచి తోడుకొచ్చినట్టు, బొంగురుగా వచ్చింది. "నేనే బిడ్డా. బాపును."

ఫోన్లో కావ్య ఒక్క అరుపు అరిచింది. "బాపూ! బాపు లైన్ల ఉన్నడు! మా బాపు బతికే ఉన్నడు, అందరు ఇనుండ్రి!"

టీవీలో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. పరదా పక్కకు లాగి ఇద్దరం ముందుగదిలో తెర వైపు చూశాం. మా ఆయన మాట వచ్చే చోట తెరలో నిశ్శబ్దం ఉంది. తీసేశారు. కావ్య ఉత్త ఫోన్ పట్టుకుని గాలితో మాట్లాడుతున్నట్టుంది. "బాపు బతికే ఉన్నడు" అనగానే యాంకర్ వచ్చి పిల్లను కావలించుకుంది.

"అవునమ్మా. నాన్న ఎప్పుడూ నీతోనే ఉంటారు."

"కాదండీ, నిజంగనే..."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. జడ్జీలు దీపానికి దండం పెట్టారు. కావ్య ఏదో అంటూనే ఉంది, చప్పట్లలో వినపడలేదు. ప్రకటనలు వచ్చాయి. ఫోన్ ఎప్పుడో తెగిపోయింది.

ఆయన ఫోన్ వంక చూస్తూ, ఈసారి గట్టిగా, పాత రోజుల్లోలా అడిగాడు. "హలో! లైన్ల ఎవలున్నరు?"

గోడ అవతల నుంచి మల్లక్క కేకేసింది. "ఓ ప్రేమా! మళ్ళ ఆ టేపు పెట్టినవానే? బంజెయ్యే తల్లీ, పానం ఖరాబైతది!"

నేను ఆయన చేయి పట్టుకుని ముందు తలుపు గొళ్ళెం తీశాను. ఇద్దరం మల్లక్క గడప ముందు నిలబడ్డాం. ఆమె లోపల నుంచి వస్తూ వస్తూ ఆగిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

"నేనే మల్లక్కా" అన్నాడు ఆయన. "నాకేం గాలే."

"పట్టుకోని చూడక్కా" అన్నాను. "జర పట్టుకో."

చాలాసేపటికి చేయి చాపింది. ఆయన ముంజేతిని రెండు వేళ్ళతో తాకింది, తర్వాత గుప్పిట్లోకి తీసుకుంది. "ఎచ్చగనే ఉన్నడే" అంది, తనలో తను. చేయి వదల్లేదు. తల మాత్రం మెల్లగా వెనక్కి, తన ఇంట్లో టీవీ వైపు తిప్పింది. ప్రకటనలు అయిపోయాయి. దండ వేసిన ఫొటో మళ్ళీ వచ్చింది.

"మరి గాళ్ళెందుకే," అంది మల్లక్క, "ఇంక దీపం పెట్టే ఉంచిండ్రు?"