కుక్క, పొయ్యి, భార్య

కాఫీ పొంగకముందే దించడం స్తానియా ఉద్యోగంలో లేదు. కాగితం మీద ఆవిడ పట్టణ మ్యూజియంలో పాత రికార్డులు చూసే అధికారిణి. అయినా ఇరవై ఆరేళ్లుగా డైరెక్టరు గదిలోకి ఎవరొచ్చినా, పొడుగు పిడి గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడేది ఆవిడే.

"స్తానియా, నాలుగు కాఫీ. ఒకటి చక్కెర లేకుండా!" అని డైరెక్టరు వెసెలిన్ గదిలోంచి కేకేశాడు. ఆవిడకన్నా తొమ్మిదేళ్లు చిన్న. నువ్వు అంటాడు. ఆవిడ మీరు అంటుంది. మ్యూజియం వస్తువుల మీద ఆవిడ ఏడేళ్లు కూర్చుని రాసిన పుస్తకానికి అట్ట మీద అతని పేరుంది. ఆవిడ పేరు చివరి పేజీలో, ప్రెస్సువాడి పేరు కింద.

ఆవేళ వచ్చింది మునిసిపాలిటీ వాళ్లు. వెసెలిన్ తాత పేరు గావ్రిలో. ఆయన పేరు మీద సభ పెడుతున్నారు. మోంటెనెగ్రో కొండల్లో గుస్లె వాయిద్యం మీద అంత పెద్ద వీరగాథ పాడినవాడు ఇంకోడు లేడంటారు. ఒంటితీగ గుస్లె అద్దాల బీరువాలో ఉంది, మీసాల ఫొటో గోడ మీద ఉంది, గొంతు మాత్రం టేపు చుట్టల్లో ఉంది. అరవై మూడులో రాజధాని నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి, గావ్రిలో వంటింట్లోనే కూర్చుని రికార్డు చేసుకుపోయాడు. ఇప్పుడా చుట్టలు పులిసి వెనిగరు కంపు కొడుతున్నాయి. కంప్యూటర్లోకి ఎక్కించే పని స్తానియాది.

"యుద్ధఘట్టం అరగంట చాలు," అన్నాడు వెసెలిన్ కప్పు అందుకుంటూ. మొహం వంక చూడలేదు. "మధ్యమధ్య ఓ ఆడగొంతు గొణుగుతుంది, అది తీసేయ్. చివర్లో ఖాళీ టేపుంది, దాన్ని ఎక్కించకు. చుట్టలు ఎలాగూ పారేస్తాం."

"ఆ గొంతు మీ నానమ్మది కాదా, డైరెక్టరుగారూ?"

"అయితే ఏం? నానమ్మ ఊరికే గొణిగేదిట." నలుగురూ నవ్వారు.

చుట్టతోపాటు పెట్టెలో ప్రొఫెసరు రాసిన కార్డు ఉంది. గాయకుడి పేరు, తండ్రి పేరు, ఊరు, గుస్లె చెక్కిన కలప పేరు, దానికి కట్టిన వెంట్రుకలు ఏ రంగు గుర్రానివో కూడా. అడుగున ఒక గడి: అంతరాయాలు. దాని ఎదురుగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు మహానుభావుడు: కుక్క, పొయ్యి, భార్య.

స్తానియా ఆ మూడు మాటలూ మళ్లీ చదివింది. ఆవిడకి అత్తగారు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్లు మంచాన పడి, ఈవిడ చేత్తో మలమూత్రాలు ఎత్తించుకున్న మనిషి. "మగాళ్లు మాట్లాడుకుంటుంటే నీ గిన్నెల చప్పుడు బయటికి రాకూడదే," అనేది. గిన్నెలు కడగాలి, చప్పుడు రాకూడదు. తినాలి అందరూ, వండిన మనిషి కనపడకూడదు. ఇదేం మంత్రవిద్యో!

హెడ్‌ఫోన్లు పెట్టుకుని సౌండు కొద్దిగా పెంచింది. గావ్రిలో కమానుతో గుస్లె గీస్తూ సింహంలా పాడుతున్నాడు. నాలుగు పాదాలయ్యాక, "ఏమే, నీళ్లు!" అన్నాడు. తలుపు కిర్రుమంది. చెంబు చప్పుడు. దాని వెనకే ఆడగొంతు, ఊపిరంత సన్నగా, గబగబా పది పాదాలు పలికింది. వెంటనే గావ్రిలో అవే పాదాలు అందుకుని గర్జించాడు.

స్తానియా వెనక్కి తిప్పింది. మళ్లీ విన్నది. కాసేపటికి, "ఏమే, నిప్పు!" నిప్పు తెచ్చింది, పాదాలు కూడా తెచ్చింది. "ఏమే, రాకియా!" సారా పోసింది, పాదాలు పోసింది. ఒకచోట ప్రొఫెసరు విసుక్కున్నాడు: "ఆమెని కాసేపు బయటికి పంపండి." బయటికి పంపారు. గుస్లె ఒక్కటే గీసుకుంటూ గీసుకుంటూ పోయింది, పాట రాలేదు. "గొంతు ఎండిపోయింది," అన్నాడు గావ్రిలో. "పిలవండి దాన్ని." అరగంటలో ముప్పై ఒక్కసార్లు పిలిచాడు. పేరుతో ఒక్కసారీ పిలవలేదు. పెళ్లాం పేరు నోట పలికితే మీసం ఊడి రాలుతుంది కాబోలు.

తాత తెగ నీళ్లు తాగేవాడని వెసెలిన్ ప్రతి ఉపన్యాసంలోనూ చెప్పి నవ్విస్తాడు.

'ఖాళీ' అని రాసిన చివరి ముక్క కూడా విన్నది స్తానియా. మగాళ్లిద్దరూ చుట్ట కాల్చుకోవడానికి బయటికి వెళ్లారు, మిషను ఆపడం మరిచిపోయారు. ముందు పిండి బల్ల మీద పడిన చప్పుడు. తర్వాత ఆవిడ పాట. గుస్లె లేదు, గర్జన లేదు. పిండి పిసికే చేతుల దెబ్బే తాళం. మగవాడి గాథలో వీరుడి భార్య గుమ్మంలో నిలబడి మూడు పాదాలు ఏడ్చి ఊరుకుంటుంది. ఇక్కడ ఏడవలేదు. గుర్రం కళ్లెం పట్టుకుని, నువ్వు నరకబోయే తలల్లో నేను కన్నబిడ్డల మేనమామ తల కూడా ఉంది, అది తెచ్చి ఏ గుమ్మానికి కడతావురా అని పద్నాలుగు నిమిషాలు నిలదీసింది. తలుపు చప్పుడవగానే టక్కున ఆగిపోయింది.

ఊరికే పాదాలు గుర్తుపెట్టుకుని అందించిన మనిషి కాదు ఈవిడ. కట్టింది ఈవిడే అయ్యుంటుంది! స్తానియా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. కోపం అంత బరువుంటుందని ఆవిడకి యాభై మూడేళ్లొచ్చాక తెలిసింది.

ఇంటికెళ్లి రాద్వోయెకి చెప్పింది. గనిలో పనిచేసి రిటైరై సోఫాలో స్థిరపడిన మొగుడు.

"ఆ ముసల్ది పోయి ఎన్నాళ్లయిందే?" అన్నాడు టీవీ మీంచి కన్ను తిప్పకుండా.

"నలభై ఏళ్లు."

"మరింకేం, దానికి లేని బాధ నీకెందుకు? రోజంతా కూర్చుని పాటలు విని జీతం తీసుకుంటున్నావు. సూపు చల్లారింది, వేడి చెయ్యి."

సూపు వేడి చేసింది. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కి గావ్రిలో వాళ్ల ఊరికి పోయింది. సమాధి రాయి మీద 'గావ్రిలో, ఆయన భార్య' అనే ఉంది. చర్చి ఫాదరు చేత పెళ్లిళ్ల పుస్తకం తీయించి, వేలుపెట్టి వెతికితే దొరికింది: యెలిసావా. ఇల్లు చేరేదాకా ఆ పేరు మనసులో పలుకుతూనే ఉంది.

ఆ వారమంతా కూర్చుని వెసెలిన్ చెప్పిన పనే చేసింది. ఆడగొంతు తీసేసింది. ఆవిడ అందిస్తే ఆయన అందుకున్న పాదాలూ ఆవిడవే కదా అని అవీ తీసేసింది. డిస్కు అతని బల్ల మీద పెట్టి, "ఒకసారి వినండి," అంది.

"అక్కర్లేదులే. నీ పని నాకు తెలీదా?"

సభనాడు హాలు నిండింది. మేయరు, టీచర్లు, చుట్టాలు, ముందు వరసలో కాలు మీద కాలేసుకుని రాద్వోయె. పళ్లేలలో ఎండుమాంసం ముక్కలు సర్దింది, గ్లాసులు తుడిచింది, ఆ తర్వాతే మిషను దగ్గరికి వచ్చింది స్తానియా. పాట మొదలైంది. నాలుగు పాదాలు, గుస్లె గీత. ఆరు పాదాలు, గుస్లె గీత. వీరుడు గుర్రమెక్కాడు, ఎటు పోయాడో తెలియదు. ఎవరో దగ్గారు. ఆరో నిమిషంలో పాట అయిపోయింది.

వెసెలిన్ చేతిలో మైకుతోనే ఆవిడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "మిగతాదేదీ?"

"మీ తాతగారిది అంతే. మిగతాదంతా మీ నానమ్మగారిది. తీసేయమన్నారు, తీసేశాను."

"పరువు తీస్తున్నావు, స్తానియా! ఏదో ఒకటి వెయ్యి, జనం చూస్తున్నారు."

"పద్నాలుగు నిమిషాల పాట ఉంది. ఆవిడ పాడింది. ఇప్పుడే వేస్తాను. ఎవరు పాడారో ముందు చెప్పండి."

జనం చూస్తున్నారు. వేరే దారి లేదు. అతను మైకు నోటి దగ్గర పెట్టుకుని నవ్వు తెచ్చుకున్నాడు. "ఇప్పుడు మా నానమ్మ..." అన్నాడు. ఆగాడు. "మా నానమ్మ..." నోరు తెరుచుకునే ఉంది, పేరు రాలేదు. అతనికి నాలుగేళ్లప్పుడు పోయింది, ఆ ఇంట్లో ఆవిడని పేరుపెట్టి పిలిచినవాడు లేడు. మెల్లిగా తల వంచి, చెవి స్తానియా వైపు పెట్టాడు.

స్తానియా ఆ చెవిలో చెప్పలేదు. మైకు లాక్కుంది.